మీ ప్రశ్నలు, మా జవాబులు: పాత అనలాగ్ పరికరాలతో ఫేజ్ నాయిస్ కొలవడం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బటన్ నొక్కితే గ్రాఫ్ గీసి ఇచ్చే యంత్రాలు లేని రోజుల్లో ఫేజ్ నాయిస్ (ఆసిలేటర్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో అలలు పుట్టించే సర్క్యూట్, లయ తప్పి సన్నగా వణకడం) ఎలా కొలిచేవాళ్లు, ఆ పాత సామాను ఇప్పుడు మన చేతికొస్తే దాంతో నమ్మదగ్గ కొలత తీయగలమా అన్నది. తీయగలం. కాకపోతే తెర మీద కనిపించిన అంకెకీ అసలు జవాబుకీ మధ్య ఉన్న ప్రతి డీబీకి (డెసిబెల్, రెండు పవర్ల నిష్పత్తిని లాగరిథంలో చెప్పే కొలత) లెక్క మనమే చెప్పాలి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: నా దగ్గర పాత అనలాగ్ స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత పవర్ ఉందో తెర మీద గీసే పరికరం) ఒకటి ఉంది. ఫిల్టర్ 1 కిలోహెర్ట్జ్‌లో పెట్టి నా ఆసిలేటర్‌ని చూస్తే, క్యారియర్ (ఆసిలేటర్ అసలు సిగ్నల్) నుంచి 10 కిలోహెర్ట్జ్ దూరంలో నాయిస్ 70 డీబీ కింద కనిపిస్తోంది. అంటే ఫేజ్ నాయిస్ మైనస్ 70 అని రాసుకోవచ్చా?

రాసుకోకండి. ఫేజ్ నాయిస్ అంటే క్యారియర్ నుంచి ఫలానా దూరంలో, ఒక పక్కన, ఒక్క హెర్ట్జ్ వెడల్పులో ఉన్న నాయిస్ పవర్ క్యారియర్ కంటే ఎంత తక్కువ అన్న అంకె. మీ అనలైజర్ చూపించింది ఒక్క హెర్ట్జ్‌లో ఉన్నది కాదు, 1 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌లోంచి దూరి వచ్చినదంతా. పైగా ఫిల్టర్ మీద 1 కిలోహెర్ట్జ్ అని రాసి ఉన్నా అది 3 డీబీ వెడల్పు (పవర్ సగానికి పడే రెండు అంచుల మధ్య దూరం), నాయిస్ లోపలికి వచ్చే అసలు వెడల్పు ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. పాత అనలాగ్ ఫిల్టర్లకి దాన్ని సుమారుగా 1.2 రెట్లు అని తీసుకునేవాళ్లు. కాబట్టి 1200 హెర్ట్జ్. దాన్ని డీబీలోకి మారిస్తే 30.8. ఇది తీసేయాలి.

ఇక్కడితో ఆపేసేవాళ్లు చాలామంది, కానీ ఇంకొకటి కలపాలి. మీ తెర లాగ్ స్కేల్‌లో ఉంది. లోపల ఎన్వలప్ డిటెక్టర్ (సిగ్నల్ ఎత్తుని పట్టే సర్క్యూట్) ఉంది, దాన్ని సైన్ వేవ్‌కి సరిగ్గా చదివేలా క్యాలిబ్రేట్ చేశారు. నాయిస్ వస్తే అది దాదాపు 1.05 డీబీ తక్కువ చూపిస్తుంది. ఆ పైన లాగ్ తీసిన తర్వాత సగటు చేయడం వల్ల మరో 1.45 డీబీ పోతుంది, ఎందుకంటే లాగ్ స్కేల్‌లో పైకి లేచిన శిఖరాలు నలిగిపోయి కిందికి పడిన లోయలు సాగిపోతాయి. రెండూ కలిపితే 2.5 డీబీ. క్యారియర్‌కి ఈ సవరణ అక్కర్లేదు, అది సైన్ వేవే కదా. ఇప్పుడు లెక్క చూడండి: మైనస్ 70, అందులోంచి 30.8 తీసేస్తే మైనస్ 100.8, దానికి 2.5 కలిపితే మైనస్ 98.3 డీబీసీ పర్ హెర్ట్జ్ (క్యారియర్‌తో పోల్చిన డీబీ, ఒక్క హెర్ట్జ్ వెడల్పుకి). మీరు రాసుకోవాల్సింది అదీ. గీత గజిబిజిగా ఊగుతూ ఉంటే వీడియో ఫిల్టర్ (తెర మీది గీతని నునుపు చేసేది) బాగా తగ్గించి స్వీప్ నెమ్మది చేయండి, తొందరపడితే గీత వెనకబడి అంకె తప్పుతుంది.

ఆ అంకె వచ్చింది కదా అని సంబరపడేముందు ఇంకో సంగతి. అది మీ ఆసిలేటర్‌దేనా, అనలైజర్ లోపలి లోకల్ ఆసిలేటర్‌దా (వచ్చిన సిగ్నల్‌తో కలపడానికి అది తనలోనే పుట్టించుకునే సిగ్నల్)? అనలైజర్ రెండింటినీ కలిపే చూపిస్తుంది, విడదీసి చెప్పదు. పరీక్ష తేలికే: అదే ఫ్రీక్వెన్సీ దగ్గర మీకు మంచిదని తెలిసిన ఒక క్రిస్టల్ ఆసిలేటర్‌ని అదే సెట్టింగ్‌లో పెట్టి చూడండి. అంకె మారకపోతే మీరు ఇందాక కొలిచింది అనలైజర్‌నే. అనలైజర్ సొంత నాయిస్ మీ ఆసిలేటర్ కంటే 10 డీబీ కింద ఉంటే తప్పు 0.4 డీబీ మాత్రమే, ఫరవాలేదు. రెండూ సమానమైతే 3 డీబీ తప్పు. ఫిల్టర్ అంచుల సంగతీ ఉంది: 60 డీబీ వెడల్పు 3 డీబీ వెడల్పుకి 11 రెట్లు ఉన్న ఫిల్టర్ అయితే, 1 కిలోహెర్ట్జ్ సెట్టింగ్‌లో క్యారియర్‌కి అటూ ఇటూ 5.5 కిలోహెర్ట్జ్ దాకా కనిపించే వాలు ఫిల్టర్‌దే, నాయిస్‌ది కాదు. ఈ పద్ధతి యాంప్లిట్యూడ్ నాయిస్‌నీ ఫేజ్ నాయిస్‌నీ కూడా వేరు చేయలేదు, రెండూ ఒకే కుప్పగా కనిపిస్తాయి.

ప్రశ్న: మరి ఆసిలేటరే అనలైజర్ కంటే శుభ్రంగా ఉంటే? 1970ల్లో, 80ల్లో మైనస్ 150 లాంటి అంకెలు ఎలా తీశారు సార్?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త తీరిగ్గా చెబుతాను. కిటుకు ఏంటంటే క్యారియర్‌ని చంపేయడం. అనలైజర్‌కి ఉన్న కష్టమంతా ఒక పక్క కొండంత క్యారియర్‌నీ, దాని పక్కనే ఇసుక రేణువంత నాయిస్‌నీ ఒకేసారి చూడాల్సి రావడమే. క్యారియర్ లేకుండా పోతే ఆ ఇసుకని ఎంతైనా పెద్దది చేసుకోవచ్చు.

దానికి ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్న రెండు ఆసిలేటర్లు తీసుకుని డబుల్ బ్యాలెన్స్‌డ్ మిక్సర్‌కి (రెండు సిగ్నళ్లని గుణించే పరికరం) రెండు వైపులా ఇస్తారు. రెండింటికీ మధ్య సరిగ్గా 90 డిగ్రీల తేడా ఉండేలా చూస్తారు. దీన్నే క్వాడ్రచర్ అంటారు. అప్పుడు మిక్సర్ అవుట్‌పుట్‌లో డీసీ సున్నా. ఒక ఆసిలేటర్ ఫేజ్ అటో ఇటో కాస్త కదిలితే ఆ కదలికకి తగ్గట్టు చిన్న వోల్టేజ్ వస్తుంది. క్యారియర్ పోయింది, ఫేజ్ కదలిక ఒక్కటే ఆడియో ఫ్రీక్వెన్సీల్లోకి దిగివచ్చింది. లోపాస్ ఫిల్టర్, తక్కువ నాయిస్ ప్రీయాంప్ (చిన్న సిగ్నల్‌ని ముందుగా పెంచే యాంప్లిఫయర్), ఆ తర్వాత ఒక్కో ఫ్రీక్వెన్సీనీ విడిగా కొలిచే వేవ్ అనలైజరో, హెచ్‌పీ 3580ఏ లాంటి లో ఫ్రీక్వెన్సీ స్పెక్ట్రమ్ అనలైజరో పెడితే చాలు. ఆ 3580ఏ 5 హెర్ట్జ్ నుంచి 50 కిలోహెర్ట్జ్ దాకా చూస్తుంది, ఆడియో పరికరం అన్నమాట. గిగాహెర్ట్జ్ ఆసిలేటర్ అయినా చివరికి కొలిచేది ఆడియో పరికరమే కావడం ఈ పద్ధతిలోని అందం.

ఎంత చిన్న వోల్టేజో ఒకసారి చూడండి. మిక్సర్ సెన్సిటివిటీ రేడియన్‌కి 0.3 వోల్ట్ అనుకుందాం. ఫేజ్ నాయిస్ మైనస్ 120 అయితే వచ్చేది హెర్ట్జ్ వర్గమూలానికి 0.4 మైక్రోవోల్ట్. మైనస్ 150 అయితే 13 నానోవోల్ట్. అందుకే ప్రీయాంప్ విషయంలో రాజీపడితే మిగతాదంతా వృథా.

రెండు ఆసిలేటర్లు వాటంతట అవే 90 డిగ్రీల్లో నిలబడవు కదా, మెల్లగా జారిపోతాయి. మిక్సర్ డీసీని ఒక యాంప్లిఫయర్ ద్వారా ఒక ఆసిలేటర్ ట్యూనింగ్ పిన్‌కి ఇచ్చి లూప్ కడతారు. లూప్ మూసే ముందు ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే సైన్ వేవ్ పరిగెడుతూ ఉంటుంది, రెండో ఆసిలేటర్ నాబ్ తిప్పుతుంటే ఆ పరుగు మందగించి, బద్ధకంగా అలలాగా పైకీ కిందకీ ఊగి, ఇక ఆగిపోతుందేమో అనిపించిన క్షణంలో లూప్ పట్టుకుంటుంది, గీత టక్కున సున్నా మీద కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అది సున్నా మీదే ఉందా అన్నది కొలత జరిగినంతసేపూ గమనిస్తూ ఉండాలి. పక్కకి జరిగితే సెన్సిటివిటీ తగ్గడమే కాదు, యాంప్లిట్యూడ్ నాయిస్ కూడా లోపలికి దూరుతుంది.

ఈ లూప్ వేగంగా ఉండకూడదు. లూప్ బ్యాండ్‌విడ్త్ లోపల ఉన్న నాయిస్‌ని లూపే సరిదిద్దేస్తుంది, అంటే మనం కొలవాలనుకున్నదాన్ని అదే మింగేస్తుంది. లూప్ 10 హెర్ట్జ్ అయితే 100 హెర్ట్జ్ పైన కనిపించేదాన్నే నేను నమ్ముతాను. రెండు ఆసిలేటర్లు మిక్సర్ గుండా ఒకదాన్నొకటి లాక్కోకుండా మధ్యలో బఫర్ యాంప్లిఫయర్లో అటెన్యుయేటర్లో (సిగ్నల్‌ని తగ్గించేవి) పెట్టడం మరిచిపోకండి. అలా లాక్కుంటే గ్రాఫ్ చాలా అందంగా వస్తుంది, కానీ అబద్ధం.

ప్రశ్న: క్వాడ్రచర్ పద్ధతిలో క్యాలిబ్రేషన్ దగ్గరే నేను బోల్తా పడుతున్నాను. బీట్ నోట్, 40 డీబీ ప్యాడ్, మైనస్ 6, మైనస్ 3 అంటూ ఏవేవో తీయమంటారు. ఏది ఎందుకో ఒక ఉదాహరణతో చెప్పరా?

తప్పకుండా. లూప్ తెరిచేసి ఒక ఆసిలేటర్‌ని 10 కిలోహెర్ట్జ్ పక్కకి జరపండి. మిక్సర్ నుంచి 10 కిలోహెర్ట్జ్ బీట్ (రెండు ఫ్రీక్వెన్సీల తేడా) వస్తుంది. అది శుభ్రమైన సైన్ వేవ్ అయితే దాని శిఖర వోల్టేజ్ ఎంతో, సున్నా దాటే చోట దాని వాలు కూడా రేడియన్‌కి అంత. అంటే మిక్సర్ సెన్సిటివిటీ చేతికొచ్చేసింది. కానీ ఆ బీట్ చాలా పెద్దది, ప్రీయాంప్‌ని ముంచేస్తుంది. అందుకని సిగ్నల్ వైపు 40 డీబీ ప్యాడ్ (అంత తగ్గించే అటెన్యుయేటర్) పెట్టి కొలుస్తారు, ఆ తర్వాత ప్యాడ్ తీసేసి నాయిస్ చూస్తారు. ప్యాడ్ తీసినప్పుడు కూడా మిక్సర్ ఆ వైపు నలిగిపోని స్థాయిలో ఉండాలి, లేదంటే 40 డీబీ అన్నది 40 డీబీ కాదు.

ప్యాడ్‌తో బీట్ మైనస్ 20 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ) వచ్చిందనుకుందాం. ప్యాడ్ తీసి, లాక్ చేసి, 100 హెర్ట్జ్ ఫిల్టర్‌తో చూస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర నాయిస్ మైనస్ 75 డీబీఎం. తేడా మైనస్ 55. ప్యాడ్ లేకపోతే బీట్ 40 డీబీ పెద్దగా ఉండేది కాబట్టి మైనస్ 95. ఇప్పుడు ఆ 6 డీబీ: బీట్‌ని మనం చదివింది ఆర్‌ఎంఎస్‌లో (పవర్‌కి సరిపడే సగటు విలువ), కావాల్సింది శిఖరం, అక్కడ 3 డీబీ. ఫేజ్ కదలిక క్యారియర్‌కి రెండు పక్కలా సైడ్‌బ్యాండ్లు (పక్క సిగ్నళ్లు) వేస్తుంది, మనం చెప్పుకునేది ఒక పక్కది మాత్రమే, అక్కడ ఇంకో 3 డీబీ. మైనస్ 101. ఫిల్టర్ 100 హెర్ట్జ్, నాయిస్‌కి 120, అంటే 20.8 తీయాలి, మైనస్ 121.8. లాగ్ తెర కాబట్టి 2.5 కలపాలి, మైనస్ 119.3. ఇది రెండు ఆసిలేటర్ల నాయిస్ కలిపి. రెండూ ఒకేలాంటివని మీకు గట్టి నమ్మకముంటే ఇంకో 3 తీసేసి ఒక్కోదానికి మైనస్ 122.3 అనండి. ఒకటి మరోదానికంటే బాగా మంచిదైతే ఆ 3 తీయకూడదు. తెలియకపోతే మూడో ఆసిలేటర్ తెచ్చి జంటలు మార్చి మూడుసార్లు కొలవండి: మొదటిదున్న రెండు కొలతల్ని కూడి, అది లేని కొలతని తీసేసి, సగం చేస్తే మొదటిదాని వాటా తేలుతుంది. కూడికలు మాత్రం పవర్‌లో చేయాలి, డీబీల్లో కాదు.

బీట్ సైన్‌లా కాకుండా పైనా కిందా కోసేసినట్టు కనిపిస్తోందా? అయితే శిఖరం చూసి లెక్క కట్టకండి, స్కోప్ మీద సున్నా దాటే చోట వాలునే నేరుగా కొలవండి.

ప్రశ్న: నా గ్రాఫ్‌లో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర సూదుల్లా లేస్తున్నాయి. వాటిని కూడా ఒక్క హెర్ట్జ్‌కి మార్చి రాయాలా?

వద్దు. అవి నాయిస్ కాదు, కరెంటు లైన్ నుంచి వచ్చే టోన్లు. వాటి పవరంతా ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, ఫిల్టర్ వెడల్పుతో సంబంధం లేదు, అందుకే వాటిని ఉన్నవున్నట్టు డీబీసీలోనే చెప్పాలి. మొదట్లో నేనూ ఇదే తప్పు చేశాను, గ్రాఫ్ మొత్తానికి ఒకటే సవరణ తగిలించి, భయంకరంగా ఉన్న హమ్‌ని 20 డీబీ మంచిదిగా చూపించాను. దాన్ని నమ్మి ఒక రిసీవర్ కట్టాం, ఆడియోలో గుయ్‌మంటూ ఉంటే ఎక్కడ్నుంచి వస్తోందో తెలీక వారం రోజులు వెతికాం. అప్పట్నుంచి అనుమానం వస్తే ఫిల్టర్‌ని పది రెట్లు సన్నం చేసి చూస్తాను: నాయిస్ అయితే 10 డీబీ దిగుతుంది, టోన్ అయితే కదలదు.

తగ్గించాలంటే ప్రీయాంప్‌ని బ్యాటరీ మీద నడపండి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టెల్ని దూరం జరపండి, గ్రౌండ్ ఒక్కచోటే కలపండి. ఇంకో విషయం, క్రిస్టల్ డబ్బాని వేలితో మెల్లగా తట్టి చూడండి. గీత ఎగిరిపడితే మీ బల్ల మీది ఫ్యాన్ కూడా అదే పని చేస్తోందని అర్థం, ఆ నాయిస్ మీ సర్క్యూట్‌ది కాదు.

ప్రశ్న: నాది ఎల్‌సీ వీసీఓ (కాయిల్, కెపాసిటర్‌తో చేసిన, వోల్టేజ్‌తో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్), నిలకడ లేదు, రెండో ఆసిలేటర్ కూడా లేదు. దారుందా?

ఉంది. డిలే లైన్. సిగ్నల్‌ని రెండుగా చీల్చి, ఒకదాన్ని పొడవాటి కోయాక్స్ కేబుల్ గుండా పంపి, రెండోదాన్ని ఫేజ్ షిఫ్టర్ ద్వారా నేరుగా, రెండింటినీ అదే మిక్సర్‌లో క్వాడ్రచర్‌లో కలుపుతారు. ఆసిలేటర్ తన పాత రూపంతో తననే పోల్చుకుంటుందన్నమాట. మెల్లగా జారే డ్రిఫ్ట్ రెండు దారుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి లాక్ చేయాల్సిన పని లేదు, వీసీఓలకి ఇది ప్రాణం పోసినట్టే.

లోపం కూడా అక్కడే ఉంది. క్యారియర్‌కి దగ్గరగా వెళ్లేకొద్దీ సెన్సిటివిటీ పడిపోతుంది. 100 మీటర్ల కేబుల్, అందులో సిగ్నల్ వేగం కాంతి వేగంలో మూడింట రెండు వంతులు అనుకుంటే ఆలస్యం 0.5 మైక్రోసెకండ్. 100 కిలోహెర్ట్జ్ దూరంలో రెండు ఆసిలేటర్ల పద్ధతితో పోలిస్తే 10 డీబీ నష్టం, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 50 డీబీ. పై వైపు చూస్తే 2 మెగాహెర్ట్జ్ దగ్గర అవుట్‌పుట్ పూర్తిగా సున్నా, ఆ దరిదాపులకి వెళ్లకండి, ఓ 300 కిలోహెర్ట్జ్ లోపలే ఉండండి. కేబుల్ ఇంకా పొడుగు పెడితే మంచిదే కదా అంటే, అందులో నష్టం కూడా పెరుగుతుంది. లెక్క ప్రకారం కేబుల్ నష్టం 8.7 డీబీ ఉన్నప్పుడు అన్నిటికంటే మంచి ఫలితం.

క్యాలిబ్రేషన్‌కి వీసీఓకి చిన్న ఎఫ్‌ఎం (ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ ఊపడం) ఇవ్వండి, 10 కిలోహెర్ట్జ్ టోన్‌తో. స్పెక్ట్రమ్ అనలైజర్‌లో సైడ్‌బ్యాండ్లు క్యారియర్‌కి 20 డీబీ కింద ఉండేలా సరిచేయండి. ఇప్పుడు మిక్సర్ తర్వాత ఆ టోన్ ఎంత ఎత్తులో ఉందో, 10 కిలోహెర్ట్జ్ దగ్గర అదే మైనస్ 20 డీబీసీ. నాయిస్‌ని దాంతో పోల్చి, ఫిల్టర్ సవరణ, 2.5 డీబీ సవరణ చేస్తే సరిపోతుంది, ఆ 6 డీబీ గొడవ ఇక్కడ లేదు. వేరే దూరాల దగ్గర మాత్రం ఫ్రీక్వెన్సీ పదింతలైతే 20 డీబీ తీసేయాలి.

ప్రశ్న: 1 హెర్ట్జ్‌కి కూడా దగ్గరగా ఏం జరుగుతోందో అప్పట్లో ఎలా తెలుసుకునేవాళ్లు?

అక్కడ అనలైజర్ వదిలేసి కౌంటర్ (ఫ్రీక్వెన్సీనీ పీరియడ్‌నీ లెక్కపెట్టే పరికరం) పట్టుకునేవాళ్లు. రెండు 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్లని 10 హెర్ట్జ్ తేడాతో పెట్టి మిక్సర్‌లో కలిపితే 10 హెర్ట్జ్ బీట్ వస్తుంది, దాని పీరియడ్ 0.1 సెకండ్. కౌంటర్ ఆ పీరియడ్‌ని 1 మైక్రోసెకండ్ దాకా చదవగలిగితే బీట్‌లో లక్షలో ఒక వంతు, అసలు 10 మెగాహెర్ట్జ్‌లో పదివేల కోట్లలో ఒక వంతు తేడా పట్టుకున్నట్టు. వరసగా తీసిన రీడింగుల మధ్య తేడాల నుంచి కట్టేదే అలాన్ వేరియన్స్, 1966లో డేవిడ్ అలాన్ ప్రతిపాదించినది. అది టైమ్ భాషలో చెబుతుంది, ఫేజ్ నాయిస్ ఫ్రీక్వెన్సీ భాషలో. దగ్గరి నాయిస్‌కి మొదటిది, దూరపు నాయిస్‌కి రెండోది వాడుకోవడం నాకు సుఖంగా అనిపిస్తుంది.

ఇంకో పాత ఉపాయం కూడా పనికొస్తుంది: ఫ్రీక్వెన్సీని 10 రెట్లు చేస్తే ఫేజ్ నాయిస్ 20 డీబీ పెరుగుతుంది, 100 రెట్లు చేస్తే 40. పరికరానికి అందనంత నిశ్శబ్దమైన క్రిస్టల్‌ని అలా పైకి లేపి కొలిచి, చివర్లో ఆ డీబీలు తీసేసేవాళ్లు.

ప్రశ్న: ఇవేవీ లేవండీ. ఒక షార్ట్‌వేవ్ రిసీవర్, మంచి క్రిస్టల్ ఆసిలేటర్, అటెన్యుయేటర్, ఏసీ వోల్ట్‌మీటర్ ఉన్నాయి. ఏమైనా కొలవగలనా?

మీ రిసీవర్ లోకల్ ఆసిలేటర్‌ని కొలవగలరు, అదీ బాగానే. ఏజీసీ (సిగ్నల్‌ని బట్టి రిసీవర్ శబ్దాన్ని తానే సర్దే సర్క్యూట్) ఆపేయండి. ముందు ట్యూన్ చేసిన చోట క్రిస్టల్ సిగ్నల్‌ని ఎంత తగ్గిస్తే ఆడియో అవుట్‌పుట్ ఉత్త నాయిస్ కంటే సరిగ్గా 3 డీబీ పెరుగుతుందో చూడండి, అది రిసీవర్ నాయిస్ ఫ్లోర్. 500 హెర్ట్జ్ ఫిల్టర్‌తో మైనస్ 130 డీబీఎం వచ్చిందనుకుందాం. ఇప్పుడు రిసీవర్‌ని 20 కిలోహెర్ట్జ్ పక్కకి ట్యూన్ చేసి క్రిస్టల్ సిగ్నల్‌ని పెంచుతూ పోండి. క్రిస్టల్ వినిపించదు, కానీ ఒక స్థాయి దాటాక హిస్ పెరుగుతుంది, అది లోకల్ ఆసిలేటర్ నాయిస్ ఆ సిగ్నల్‌తో కలిసి మీ ఫిల్టర్‌లోకి దిగడం. మైనస్ 25 డీబీఎం దగ్గర 3 డీబీ పెరిగితే, తేడా మైనస్ 105, 500 హెర్ట్జ్‌కి 27 తీసేస్తే మైనస్ 132 డీబీసీ పర్ హెర్ట్జ్.

ఈ రెండో భాగంలో నాయిస్‌ని నాయిస్‌తోనే పోలుస్తున్నారు కాబట్టి మీటర్ సగటు చదివేదైనా ట్రూ ఆర్‌ఎంఎస్ అయినా ఆ 3 డీబీ మారదు. మొదటి భాగంలో మాత్రం సైన్ కలుస్తుంది, అక్కడ ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ ఉంటే మంచిది. క్రిస్టల్ ఆసిలేటర్ నాయిస్ మీరు కొలవబోయే అంకె కంటే కనీసం 10 డీబీ మెరుగ్గా ఉండాలి, దాన్ని రేకు డబ్బాలో పెట్టి మూత బిగించండి, లేకపోతే సిగ్నల్ కేబుల్‌లోంచి కాకుండా గాలిలోంచి రిసీవర్‌కి చేరి అటెన్యుయేటర్ అంకెలన్నీ తప్పయిపోతాయి.